2024–25 వార్షిక నివేదిక: గోడలు, రంగులు, బ్రోకర్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో లిఫ్టు, బోరు, వినాయక చవితి మూడింటినీ మూడు వాక్యాల్లో సరిపెడుతున్నాను. లిఫ్టు తాళ్లు మార్చాం. బోరు మోటారు ఒకసారి కాలింది, వైండింగ్ చేయించాం. మట్టి వినాయకుణ్ని పెట్టి ఐదో రోజున సెల్లారులోనే డ్రమ్ములో నిమజ్జనం చేశాం, పిల్లలు ఒప్పుకున్నారు. నెలవారీ మెయింటెనెన్సు లెక్కలు కోశాధికారి విడిగా అందరికీ ఇచ్చారు. మిగతా ఏడాదంతా గోడలతోనూ, మన గేటు ముందు బైకులాపి పైకి చూసే బ్రోకర్లతోనూ గడిచింది. ఇవి రెండు వేర్వేరు గొడవలని మొదట్లో కమిటీ కూడా అనుకుంది.

తూర్పు గోడ

మన నలభై ఫ్లాట్లలో బ్రోకర్లు రేటు పెంచి చెప్పేది తూర్పు వరసకే. ఈస్ట్ ఫేసింగ్, వాస్తు, సముద్రపు గాలి. ఆ గాలే మన గోడను తినేసింది. విశాఖ తీరంలోని లాసన్స్ బే వైపు నుంచి వచ్చే గాలిలోని ఉప్పు గోడ మీద పేరుకుంటుంది, తేమను పట్టి ఉంచుతుంది, సన్నటి బీటల్లోంచి లోపలికి దిగి ఇనుప చువ్వలను చేరుతుంది. చువ్వకు పట్టిన తుప్పు అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్లకు పైగా చోటు తీసుకుంటుంది. ఉబ్బిన చువ్వ పైనున్న కాంక్రీటును బయటికి నెట్టేస్తుంది. మనం పెచ్చులూడటం అంటున్నది దీన్నే. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు ఈ సంగతి మూడేళ్లుగా ప్రతి మీటింగులోనూ చెబుతూనే ఉన్నారు. ఆగస్టు నెలాఖరు వాయుగుండానికి నాలుగో అంతస్తు సజ్జా నుంచి అరచేయంత పెచ్చు ఒకటి పార్కింగులో స్కూటరు సీటు మీద పడ్డాక అందరం విన్నాం.

పాత సభ్యులకు 2015 నాటి రంగుల పని గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఊరంతా ఒకేసారి రంగులకు ఎగబడింది. కాంట్రాక్టర్లు దొరకలేదు. దొరికినవాడు గోడ ఆరిందో లేదో చూడకుండా, సాగే గుణమున్న మందపాటి రంగును రెండు పూతలు వేసి వెళ్లాడు. ఆ రంగును నేను తప్పు పట్టను. సన్నటి బీటల మీద అది రబ్బరులా సాగి నీరు దిగకుండా ఆపుతుంది. కానీ తడిసిన గోడ మీద వేస్తే లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, వానకోటు లోపల చెమట పట్టినట్టే. మూడేళ్లు తిరక్కుండా తూర్పు గోడంతా బొబ్బలెక్కింది. బొబ్బ గిల్లితే లోపల నీళ్లు, నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు.

అందుకని ఈసారి రంగు డబ్బా సంగతి చివరికి పెట్టుకుని, నీరు ఎటునుంచి వస్తోందో ముందు వెతికాం. సుత్తి పట్టుకుని అంతస్తు అంతస్తునా గోడ తట్టుకుంటూ వెళ్లాం. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రం చుట్టాం. తూర్పు గోడ మొత్తం గుండ్రాలే. వాన కంటే మన ఇళ్లలోంచి వచ్చే నీరే గోడకు ఎక్కువ చేటు చేస్తోందని అప్పుడు తేలింది. బాత్‌రూము డ్రైనేజీ పైపుల జాయింట్లు ఆరు చోట్ల కారుతున్నాయి. ఏసీల నుంచి కారే నీరు నేరుగా గోడ మీదికి పోయి పచ్చటి నాచు చారలు కట్టింది. టెర్రస్ పిట్టగోడ పైభాగం బీటలు వారి వాననీటిని తాగుతోంది. రెండు చోట్ల రావి మొక్కలు మొలిచాయి. వాటిలో ఒకదాని వేరు మూడడుగుల దాకా లోపలికి పోయింది. దాన్ని పీకొద్దని, పూజ చేసి కుండీలోకి మార్చాలని ఒక పెద్దావిడ పట్టుబట్టారు. మార్చాం. కుండీలో బాగానే ఉంది.

సంక్రాంతి లోపల కావాలన్నారు

అక్టోబరు మీటింగు రసాభాస అయింది కాబట్టి దాని గురించి దాచకుండా రాస్తున్నాను. అప్పటికి నాలుగు ఫ్లాట్లు అమ్మకానికి ఉన్నాయి. ధనుర్మాసంలో ఎవరూ బయానా ఇవ్వరు, సంక్రాంతి దాటితే కొనేవాళ్లు వస్తారు, ఆలోగా బిల్డింగు తళతళలాడాలని వాళ్ల బ్రోకర్లు చెప్పారట. ఒక బ్రోకరు ఏకంగా కొటేషను పట్టుకొచ్చాడు. చదరపు అడుగుకు 16 రూపాయలు, ఇరవై రోజుల్లో పూర్తి. అందులో గోకుడు, రెండు పూతలు మాత్రమే ఉన్నాయి. రంగుకు ముందు వేసే ప్రైమరు పూత లేదు, పెచ్చుల మరమ్మతు లేదు, పైపుల ఊసే లేదు.

ఫ్లాటు అమ్ముకుని వెళ్లేవారికి ఆరు నెలలు నిలిచే రంగు చాలు. ఇక్కడే ఉండేవారికి పదేళ్లు నిలవాలి. ఇందులో ఎవరిదీ దురాశ కాదు, ఎవరి అవసరం వారిది. కానీ బయటి గోడ ఏ ఒక్క ఫ్లాటుదీ కాదు, అది మనందరి ఉమ్మడి ఆస్తి. అందుకే కమిటీ ఉండేవారి పక్షం తీసుకుంది. ఓటింగులో 27 మంది మరమ్మతు ముందు అన్నారు, 9 మంది రంగు ముందు అన్నారు, నలుగురు రాలేదు.

రెండో అంతస్తులో ఉండే మన సభ్యుడొకరు వృత్తిరీత్యా రియల్ ఎస్టేట్ ఏజెంటు. తర్వాత ఎంపికైన కాంట్రాక్టరు తనకు తెలిసినవాడేనని ఆయన ముందే చెప్పి, కొటేషన్లు తెరిచే సమయానికి గదిలోంచి లేచి వెళ్లిపోయారు. ఈ సంగతి మినిట్సులో ఉంది. ఆ తర్వాత మీటింగులో ఆయన చెప్పిన మాట చాలామందిని మార్చింది. కొత్త రంగు చూసి కొనేవాడు ఫోటోలు తీసుకుంటాడు. కానీ ఫ్లాటు విలువ కట్టడానికి లోను ఇచ్చే బ్యాంకు పంపిన వాల్యుయరు మాత్రం సజ్జా అడుగు భాగాన్ని చూస్తాడు, అన్నారు.

పని ఎలా జరిగింది

మూడు కొటేషన్లలో చదరపు అడుగుకు 27 రూపాయల వాడికి ఇచ్చాం. మరమ్మతు, ప్రైమరు విడివిడి పద్దులుగా చూపించింది అతనొక్కడే. కాంట్రాక్టరు వేసిన కొలత 35,600 చదరపు అడుగులు. కోశాధికారి, నేను టేపు పట్టుకుని కొలిస్తే కిటికీలు, తలుపులు తీసేయగా 32,000 వచ్చింది. రెండు పూటలు వాదించుకున్నాక మన కొలతకే ఒప్పుకున్నాడు. టేపు పట్టుకున్న ఆ రెండు ఆదివారాలు సంఘానికి 97,200 రూపాయలు మిగిల్చాయి.

నవంబరులో పైపులు మార్చాం. డిసెంబరులో పరంజా కట్టి డొల్ల ప్లాస్టరింగంతా కొట్టేశారు. చువ్వలు బయటపడ్డ చోట తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమరు కలిపిన మోర్టారుతో పూడ్చారు. కాలమ్‌కూ ఇటుక గోడకూ మధ్య ప్రతి వానకూ తెరుచుకునే బీట ఉంది కదా, అక్కడ జాలీ కొట్టి ప్లాస్టరింగు చేశారు. సజ్జాల అడుగున నీరు గోడ మీదికి పాకకుండా గాడి పెట్టించాం. 2006లో బిల్డరు పెట్టి ఉండాల్సిన గాడి అది.

తర్వాత ఏ పనీ జరగని నాలుగు వారాలు వచ్చాయి. అందరికీ ఒళ్లు మండింది అప్పుడే. పరంజా ఉంది, మనుషులు లేరు, సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు రాలేదు, డబ్బు తిని పారిపోయాడని గ్రూపులో సందేశాలు. అసలు కారణం వేరు. కొత్త ప్లాస్టరింగులో సున్నపు గుణం ఎక్కువ. కనీసం 28 రోజులు పదును పట్టి పూర్తిగా ఆరకముందే రంగు వేస్తే ఆ క్షారం రంగును కొరికేస్తుంది, తెల్లగా చౌడు పొంగుతుంది. తేమ మీటరు 15 శాతం దాటి చూపిస్తే బ్రష్షు ముట్టుకోకూడదని ఒప్పందంలోనే రాసుకున్నాం. సంక్రాంతి నాడు తూర్పు గోడ 19 దగ్గర ఉంది. ఫిబ్రవరి 6న 13కి దిగింది. మర్నాడే ప్రైమరు మొదలైంది.

రంగు విషయంలో రెండు జాగ్రత్తలు. 20 లీటర్ల బకెట్లు 30 వచ్చాయి. సీలు తీసేటప్పుడు కమిటీ సభ్యుడొకరు ఉన్నారు, ఖాళీ అయిన ప్రతి బకెట్టుకూ మేకుతో చిల్లు పెట్టి వాచ్‌మన్‌కు అప్పగించాం. బకెట్లలో కంపెనీ పెట్టే టోకెన్లు పెయింటర్లకే వదిలేశాం, అది వాళ్ల హక్కు. నీళ్లు కలిపేది మాత్రం మగ్గుతో కొలిచి మన కళ్ల ముందే కలపాలన్నాం. ఎంత ఖరీదైన రంగైనా నీళ్లెక్కువైతే సున్నమే. ఎండ నెత్తికెక్కాక వేడి గోడ మీద వేస్తే అంటుకునేలోపే ఆరిపోతుంది కాబట్టి, పొద్దుట పడమర గోడ, మధ్యాహ్నం తూర్పు గోడ, ఎప్పుడూ నీడలోనే పనిచేయించాం. వంకాయ రంగు కోరిన సభ్యులు మన్నించాలి. ముదురు రంగులు ఎండకు త్వరగా వెలుస్తాయి, గోడను వేడెక్కిస్తాయి. లేత గోధుమ రంగు, అంచులకు కావి రంగు ఖాయం చేశాం. కావిలో ఉండేది ఇనుప ఆక్సైడు, ఎండకు నిలుస్తుంది. మార్చి 20న పరంజా దింపారు.

లెక్క

రంగు పనికి 8,64,000. గోడల మరమ్మతుకు 3,90,000. ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ 2,25,720. పైపులకు 1,45,000. మొత్తం 16,24,720 రూపాయలు. రెండు బెడ్‌రూముల ఫ్లాట్లు 25, ఒక్కొక్కటి 34,000. మూడు బెడ్‌రూముల ఫ్లాట్లు 15, ఒక్కొక్కటి 50,000. రావాల్సింది 16 లక్షలు, వచ్చింది 15,16,000. రెండు ఫ్లాట్ల నుంచి 84,000 రావాలి. ఎవరో వారికి తెలుసు. కాంట్రాక్టరు బిల్లులో 5 శాతం, అంటే 62,700, ఒక వానాకాలం గడిచేదాకా మన దగ్గరే ఉంచుకున్నాం. అందువల్ల ఇప్పటిదాకా కార్పస్ నుంచి, అంటే సంఘం నిల్వ నిధి నుంచి తీసింది 46,020 మాత్రమే.

అందరి దగ్గరా సమానంగా వసూలు చేయాలని కొందరు, ఉమ్మడి భూమిలో ఒక్కో ఫ్లాటుకు ఉన్న అవిభాజ్య వాటాను బట్టి చేయాలని కొందరు గట్టిగానే పోట్లాడారు. వాటానే ప్రాతిపదికగా పెట్టుకుని అంకెలు సర్దాం. గోడ ఉమ్మడిది అన్నాక దస్తావేజులో ఎంత భూమి రాసి ఉందో అంత బరువు మోయడమే సబబు.

బ్రోకర్లతో

జూన్‌లో నాలుగో అంతస్తు తూర్పు ఫ్లాటు అమ్ముడైంది. అమ్మకానికి ముందు బెడ్‌రూము గోడ మీద తేమ మరకను పుట్టీ పట్టి, రంగేసి కప్పేశారు. సెప్టెంబరులో మరక మళ్లీ వచ్చింది. కొన్నవారు బ్రోకరును అడిగితే అది అసోసియేషన్ వాళ్ల బయటి గోడ సమస్య అన్నాడు, ఫోను ఎత్తడం మానేశాడు. అమ్మినవారు అమెరికాలో ఉన్నారు. ఆ కుటుంబం మన ఆఫీసు గదికి వచ్చి నిలబడిన రోజు కమిటీ దగ్గర సమాధానం లేదు.

అప్పటి నుంచి ఫ్లాటు అమ్మేటప్పుడు బాకీలు లేవని ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్టుతో పాటు ఒక పేజీ జతచేస్తున్నాం. ఆ ఫ్లాటు బయటి గోడకు ఏ ఏడాది ఏ మరమ్మతు జరిగింది, ఏ పైపు మార్చాం, ఏది పెండింగులో ఉంది అన్నీ ఉంటాయి. దీనివల్ల రేటు పడిపోతుందని ఇద్దరు సభ్యులు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. వారి ఉత్తరాలు ఫైల్లో పెట్టాం, పేజీ మాత్రం ఆపలేదు. మార్చి తర్వాత అమ్ముడైన రెండు ఫ్లాట్ల విషయంలోనూ బ్యాంకు వాల్యుయర్లు ఆ పేజీ కాపీ, మరమ్మతు బిల్లులు అడిగి తీసుకెళ్లారు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరున్న ఏజెంటునే రానివ్వాలని ఒక ప్రతిపాదన వచ్చింది. 2016 నాటి రెరా చట్టం ఆ సంస్థలో నమోదైన ప్రాజెక్టుల్లో అమ్మకాలు కుదిర్చే ఏజెంట్లకు రిజిస్ట్రేషను తప్పనిసరి చేసింది. మనలాంటి పాత బిల్డింగులో ఫ్లాటు చేతులు మారితే ఆ షరతు వర్తించదు. అయినా నంబరున్న మనిషి ఖాతా పుస్తకాలు ఉంచాలి, అతనికో చిరునామా ఉంటుంది. కాబట్టి నిషేధం పెట్టలేదు, నంబరుంటే రిజిస్టరులో రాయమంటున్నాం. కొత్త వెంచర్లలో కొనే మన పిల్లలకు మాత్రం ఇది చెప్పండి: స్వాధీనం ఇచ్చిన ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు ఉచితంగా సరిచేయాలని అదే చట్టం చెబుతోంది.

విదేశాల్లో ఉన్న యజమానుల ఫ్లాటు కొనేవారికి ఇంకో మాట. 50 లక్షలు, ఆపైన ఉంటే ధరలోంచి ఒక శాతం పట్టుకుని పన్నుగా (టీడీఎస్) కడితే చాలని బ్రోకర్లు అలవాటుగా చెబుతారు. అది అమ్మేవారు ఇక్కడి నివాసులైతేనే. ప్రవాసి అమ్మితే నిబంధన వేరు, రేటు చాలా ఎక్కువ, పట్టుకోకపోతే బాధ్యత కొన్నవారిదే. ఈ ఏడాది ఒకరిని వారి ఆడిటరు చివరి నిమిషంలో కాపాడారు.

వాచ్‌మన్ సంగతి. ఖాళీ ఫ్లాటు కబురు ఒక్క బ్రోకరుకే చెప్పి మిగతావారికి దాచినందుకు అతనికి నెలనెలా ఏదో ముడుతోందని తెలిసింది. అతన్ని తీసేయమన్నవారు ఉన్నారు. అతని జీతం పెంచి నాలుగేళ్లయిందని ఎవరూ అనలేదు. జీతం 2,000 పెంచాం, తాళంచెవులు ఆఫీసు గది బీరువాలోకి మార్చాం. యజమాని నుంచి సందేశం ఉంటేనే బ్రోకరుకు తాళం ఇస్తాం, తిరిగిచ్చిన టైము రాసుకుంటాం.

టు-లెట్, ఫర్ సేల్ బోర్డులు బయటి గోడకు మేకులు కొట్టి పెట్టడం ఇక కుదరదు. గేటు పక్కన ఒక బోర్డు పెట్టించాం, అందరూ దాని మీదే. ఏసీ బ్రాకెట్టుకో, ఇంటర్నెట్ కేబులుకో గోడకు చిల్లు పెట్టాల్సి వస్తే ముందు చెప్పండి, సీలెంటుతో మూయించే పని మాది. ఏసీ నీరు పైపు ద్వారా కిందికి దింపని ఫ్లాట్లు ఇంకా ఏడున్నాయి. జూలై నెలాఖరు గడువు.

వానాకాలం గడిచాక, నవంబరు చివరి ఆదివారం ఉదయం ఆరున్నరకు తూర్పు గోడను మళ్లీ తట్టి చూస్తాం. ఆ 62,700 ఇవ్వాలా వద్దా అన్నది ఆ రోజే తేలుతుంది. రావాలనుకున్న సభ్యులు సుత్తి తెచ్చుకోగలరు, సంఘం దగ్గర రెండే ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి
అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం, విశాఖపట్నం