పిక్ లైన్‌తో ఇల్లు చేరిన రోగిని మండల ఆసుపత్రి ఆదుకోవాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎముకకు చీము పట్టినవారికి, గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ సోకినవారికి చాలా సందర్భాల్లో నాలుగు నుంచి ఆరు వారాల పాటు యాంటీబయాటిక్ మందును నరంలోకి ఎక్కించవలసి ఉంటుంది. చేతి నరానికి పెట్టే చిన్న గొట్టం, అంటే మామూలు కాన్యులా పెట్టిన చోట కొద్ది రోజులకే వాచిపోతుంది. పదేపదే గుచ్చగా చివరికి నరమే దొరకదు. అందుకని మోచేతికి పైన, జబ్బ లోపలి వైపున్న నరం గుండా సన్నటి మెత్తని గొట్టాన్ని పంపి, దాని కొసను గుండెకు చేరువలో ఉన్న పెద్ద సిరలో నిలుపుతారు. దీన్నే ఆసుపత్రుల్లో పిక్ లైన్ అంటారు. ఇది ఉన్న రోగి వారాల తరబడి వార్డులో పడి ఉండనక్కర లేకుండా ఇంటి దగ్గరే రోజూ మందు వేయించుకోవచ్చు.

నేను దేవరకొండ ప్రాంతంలోని ఒక పల్లెవాసిని. ప్రమాదంలో విరిగిన కాలికి రాడ్డు వేసిన తర్వాత ఎముకకు ఇన్ఫెక్షన్ సోకడంతో హైదరాబాద్‌లో పిక్ లైన్ పెట్టించుకొని ఇంటికి చేరాను. ఆపరేషన్ మీద గానీ, మందు మీద గానీ నాకు ఫిర్యాదు లేదు. పిల్లల మధ్య, ఇంటి తిండి తింటూ కోలుకోగలగడం ఎంత మేలో వార్డులో గడిపినవారికి నేను చెప్పనక్కర లేదు. చిక్కంతా ఆ లైన్‌ను కాపాడుకోవడంలోనే ఉంది.

గొట్టం చర్మంలోకి దిగే చోట అంటించిన పారదర్శకమైన పట్టీని వారానికి ఒకసారి, తడిసినా ఊడినా అప్పటికప్పుడే, క్రిములు సోకని పద్ధతిలో మార్చాలి. మన వేసవిలో చెమటకు ఆ పట్టీ వారం నిలవదు. చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టి, ఆ చేయి బకెట్‌కు దూరంగా పట్టుకొని స్నానం చేయాలి. నీళ్ల బిందె ఎత్తకూడదు, పత్తి చేలోకి, దుమ్ములోకి పోకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు. మందు ఎక్కించే ముందూ తర్వాతా గొట్టం మూతిని స్పిరిట్‌తో బాగా రుద్ది, సెలైన్‌తో ఫ్లష్ చేయాలి, అంటే ఉప్పునీటి ద్రావణాన్ని నెట్టి గొట్టాన్ని లోపల కడగాలి. అందుకు వాడే సిరంజి పది మిల్లీలీటర్లదో, అంతకన్నా పెద్దదో అయి ఉండాలి. చిన్న సిరంజితో నెడితే ఒత్తిడి పెరిగి గొట్టం చిట్లవచ్చు. లైన్ మూసుకుపోయినప్పుడు బలవంతంగా నెట్టడం మరీ ప్రమాదం. ఇవి ఒకసారి దగ్గరుండి చూపిస్తే ఏ నర్సు అయినా నేర్చుకోగల పనులే.

పట్టీ మార్చమని మా దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళితే, ‘మాకు ఇది నేర్పలేదు, ఏమన్నా అయితే ఎట్ల’ అన్నారు సిస్టర్ గారు. తెలియని పనికి చేయి పెట్టకపోవడం సరైనదేనని నేను నమ్ముతున్నాను. కానీ దాని ఫలితం ఏమిటి? ఒక్క పట్టీ కోసం ఊతకర్రతో బస్సెక్కి సుమారు వంద కిలోమీటర్లు పోవాలి, లేదంటే ఊళ్లోని ఆర్‌ఎంపీని పిలవాలి. అర్ధరాత్రి పిలిచినా పలికే మనుషులు వారు. అయినా ఈ లైన్ గురించి వారికీ ఎవరూ చెప్పలేదు. చలితో జ్వరం వచ్చినా, చేయి వాచినా, అది లైన్‌లో క్రిములు చేరిన గుర్తో, నరంలో రక్తం గడ్డకట్టిన గుర్తో కావచ్చు. అప్పుడు ఇంకో జ్వరం సూది వేసి పంపిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మరో మాట చెప్పాలి. అందరికీ ఈ లైన్ అవసరం కాకపోవచ్చు. ఎముకలు, కీళ్ల ఇన్ఫెక్షన్లున్న వెయ్యి మందికి పైగా రోగులపై బ్రిటన్‌లో జరిపిన అధ్యయనం 2019లో వెలువడింది. మొదటి ఆరు వారాలు నరంలోకి మందు ఇచ్చినవారికన్నా నోటి ద్వారా ఇచ్చినవారి ఫలితాలు తీసిపోలేదని అందులో తేలింది. ఏ క్రిమి, దానికి ఏ మందు పనిచేస్తుంది అన్నది కల్చర్ పరీక్షలో తేలాకే నిర్ణయించవలసిన విషయం కనుక, ‘మాత్రలతో సరిపోతుందా’ అని ప్రతి రోగీ డాక్టరును అడగాలి. కిడ్నీ జబ్బు ముదిరినవారైతే తప్పక అడగాలి. రేపు డయాలసిస్‌కు ఫిస్టులా (రక్తం తీసి ఎక్కించడానికి ఆపరేషన్‌తో చేతి నరాలను కలిపే ఏర్పాటు) వేయవలసిన నరం ఈ గొట్టం వల్ల దెబ్బతినవచ్చు.

తప్పనిసరై లైన్ పెట్టించుకున్నవారికి మాత్రం సొంత మండలంలోనే సాయం అందాలి. ఇప్పుడు నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. వీటిలో ఏదో ఒకచోట మండలానికి ఒక్క నర్సుకైనా పిక్ లైన్ సంరక్షణలో శిక్షణ ఇప్పించి, పట్టీలు, పెద్ద సిరంజిలు ఆరోగ్య కేంద్రంలో ఉంచాలని మన జిల్లాల వైద్యాధికారులను కోరుతున్నాను. లైన్ పెట్టిన ఆసుపత్రులు కూడా రోగిని ఇంటికి పంపేటప్పుడు, గొట్టం ఎన్ని సెంటీమీటర్లు లోపల ఉంది, ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీయాలి, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి అన్న వివరాలను తెలుగులో రాసిన కార్డు చేతికి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా