రాబందులను చూడ్డానికి స్పెయిన్ దాకా

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో స్పెయిన్ యాత్ర గురించి వచ్చిన వ్యాసం చదివాను. బార్సిలోనా, మాడ్రిడ్, ఫుట్‌బాల్ స్టేడియం, షాపింగ్. బాగానే ఉంది. కానీ పిల్లల దగ్గరికి వెళ్లి రెండు నెలలు ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చునే మాలాంటి వాళ్లకు అందులో పనికొచ్చేది ఏమీ లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను రిటైరైన పశువుల డాక్టర్ని. మా అమ్మాయి ఉండేది మాడ్రిడ్‌లో. మొన్న ఏప్రిల్‌లో కారులో మూడు గంటలు ప్రయాణం చేసి, పోర్చుగల్ వైపున్న ఎక్స్‌త్రెమదూరా ప్రాంతంలో మోన్‌ఫ్రాగ్వే నేషనల్ పార్కుకు తీసుకెళ్లింది. ఆ అడవికి 2007లో నేషనల్ పార్కు హోదా వచ్చింది. మధ్యలో తాహో నది. పార్కు లోపల ఉన్న ఊరు వియ్యారెయల్ ఒక్కటే, అదీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఇళ్లు. దారిదోపిడీ దొంగల బెడద తగ్గించడానికి 18వ శతాబ్దంలో మూడో కార్లోస్ రాజు కట్టించిన ఊరట. నడక దారులన్నీ అక్కడే మొదలు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు గుర్తులు వేసి ఉంటాయి, భాష రాకపోయినా తప్పిపోం. మేం ఎర్ర గుర్తులు పట్టుకుని కోట వైపు నడిచాం. దారి పొడవునా తెల్లపూల పొదలు, రేకుల మొదట్లో ముదురు మచ్చ. ఆకు ముట్టుకుంటే బంకగా చేతికి అంటుకుంటుంది, వాసన మాత్రం సాయంత్రం దాకా వదల్లేదు. దారిలో ఓ కార్డినల్, అంటే చర్చి పెద్ద, 15వ శతాబ్దంలో కట్టించిన వంతెన ఉంది. ఉందని చెప్పడమే, మేం చూడలేదు. రిజర్వాయర్ నిండితే అది నీళ్ల కింద ఉంటుంది.

నది పక్కన నిటారుగా ఓ పెద్ద కొండ. ఆ చోటును సాల్తో దెల్ హితానో అంటారు. పొద్దున తొమ్మిదింటికి కొండ చరియల మీద బూడిద రంగు మూటలు పెట్టినట్టు కనిపించాయి. ఎండ కాస్త ముదిరి గాలి వేడెక్కగానే ఆ మూటలు ఒక్కొక్కటే రెక్కలు విప్పాయి. గ్రిఫాన్ రాబందులు! రెక్కల చివర నుంచి చివరకు రెండున్నర మీటర్లు. ఒక్కసారి కూడా రెక్క ఆడించకుండా గిరగిరా తిరుగుతూ మా తలల మీదుగా వెళ్లాయి. కోట మెట్లెక్కి పైకి చేరితే అవి మన కంటే కింద ఎగురుతుంటాయి, వీపులు కనిపిస్తాయి. అరబ్బుల కాలం నాటి కోట అది, పక్కనే మేరీమాత గుడి. కొండ అంచున గుహలో ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి. ఇంకా పెద్దవైన నల్ల రాబందులు చెట్ల మీద గూళ్లు కడతాయి. అవి ఆ పార్కులోనే 300 జంటలకు పైగా ఉన్నాయి.

మా ఆవిడ మాత్రం, "ఇంటి మీద వాలితే అరిష్టమనే పక్షిని చూడ్డానికి ఇంత దూరం తెచ్చారా?" అంది. నేను జవాబు చెప్పలేదు. ఆమెకు తెలియని సంగతి ఒకటి నా మనసులో ఉంది.

గ్రిఫాన్ మన రాబందులకు దాయాదే. సర్వీసులో చేరిన కొత్తలో, ఊరి బయట చచ్చిన గొడ్డును పడేస్తే యాభై, అరవై రాబందులు దిగేవి. పూట గడిచేసరికి ఎముకలే మిగిలేవి. తర్వాత నొప్పి, వాపు తగ్గించే డైక్లోఫెనాక్ మందు వచ్చింది. కుంటుకైనా, పొదుగువాపుకైనా అదే ఇంజక్షన్. చౌక. గంటలో గొడ్డు లేచి మేత మేసేది, రైతు దండం పెట్టేవాడు. నా చేత్తో ఎన్ని సీసాలు ఖాళీ చేశానో లెక్కలేదు. ఆ మందు పడ్డాక చచ్చిన గొడ్డును తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడవుతాయని 2004లో తేలింది. కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు ఉంటుంది. పశువులకు ఆ మందును మన దేశంలో 2006లో నిషేధించారు. అప్పటికే తెల్లవీపు రాబందులు 99 శాతం పోయాయి. ఆ తర్వాత కూడా మనుషుల మందు పెద్ద సీసాల్లో కొని గొడ్లకు వేసేవాళ్లు. 2015లో 3 మిల్లీలీటర్లు దాటిన సీసాలు ఆపేశారు.

ఇంత జరిగాక 2013లో స్పెయిన్ అదే మందును పశువులకు అనుమతించింది! మన అనుభవం పక్కనే ఉంది కదా, ఎందుకు చూడలేదో నాకు అర్థం కాదు. ఐరోపా రాబందుల్లో 90 శాతానికి పైగా ఉండేది ఆ దేశంలోనే. 2020లో అక్కడి కాటలోనియా ప్రాంతంలో చనిపోయిన ఓ నల్ల రాబందులో ఆ మందు బయటపడింది.

తిరుగు దారిలో త్రుహియో పట్నంలో ఆగాం. దక్షిణ అమెరికాలో ఇంకా రాజుల బంగారాన్ని దోచిన పిజారో సొంతూరు. చౌరస్తాలో గుర్రమెక్కిన అతని విగ్రహం, చుట్టూ ఆ డబ్బుతో లేచిన మేడలు. నాకు ఆ మేడల కంటే చర్చి గోపురాల మీద గూళ్లు కట్టుకుని ముక్కులు టకటకలాడిస్తున్న పెద్ద కొంగలే నచ్చాయి. ఏటా కొంగలు వచ్చి గూళ్లు కట్టే మన వీరాపురం గుర్తొచ్చింది.

పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు వసంతకాలంలో వెళ్తే మంచిది, వేసవిలో ఆ ఎండ మన రామగుండం ఎండే. బైనాక్యులర్స్, మంచి బూట్లు, రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లాలి.

మీకు ఒక విన్నపం. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడవు ముక్కు రాబందులు ఉన్నట్టు 2013లో బయటపడింది. ఈ చలికాలం మీ విలేకరిని ఎవరినైనా అక్కడికి పంపండి. దారి చూపించడానికి నేను వస్తాను. మోకాళ్ల నొప్పులున్నాయి, అయినా వస్తాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ పశువైద్యుడు,
మంచిర్యాల