విషయం: నాకు తెలియకుండానే ‘పరిష్కారమైపోయిన’ నా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరాన్ని ఎవరో ఒక మనిషి చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. మీ చాట్‌బాట్ చదువుతున్నట్లయితే ఇక్కడే ఆగి, దయచేసి లోపలినుంచి ఎవరినైనా పిలవమనండి.

నేను భీమవరంలో పెళ్లి ఫొటోలు తీస్తాను. ఫొటోలకు రంగులు దిద్దే మీ యాప్‌లో, వాటికి సినిమా రంగులు అద్దే ‘సినిమా కలర్ ప్యాక్‌’కి అది వచ్చినప్పటినుంచీ చందా కడుతున్నాను. ఈమధ్య మీ అప్‌డేట్ వచ్చాక ఆ ప్యాక్ వేస్తే పెళ్లికూతురి ముఖం ఆకుపచ్చగా తిరుగుతోంది, మధుపర్కాలు బూడిదరంగు కొడుతున్నాయి. అప్‌డేట్‌కి ముందు గ్రేడింగ్ చేసిన, అంటే రంగులు దిద్దిన, అదే ఫొటో పక్కన పెడితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. సమస్య ఇంతే. సాఫ్ట్‌వేర్ అన్నాక ఇలాంటివి వస్తుంటాయి, దానికి నాకు కోపం లేదు. ఆ తర్వాత మీవాళ్లు నన్ను తిప్పిన తిప్పుడుకే ఈ ఉత్తరం.

మొదట చాట్‌లో అడిగాను. యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకున్నాను. రంగులు మారలేదు కానీ ఏళ్ల తరబడి నేను దాచుకున్న సెట్టింగులన్నీ పోయాయి. అదేమిటయ్యా అంటే, ‘అది వేరే సమస్య సార్, దానికి కొత్త టికెట్ తెరవండి’ అన్నారు. మందు కోసం వెళ్లినవాడికి ఇంకో రోగం అంటించి, దానికి వేరే చీటీ రాయించుకోమన్నట్టుంది.

సరే, ఫోన్ చేశాను. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని ఒకావిడ గొంతు చెబుతూనే ఉంది, మధ్యలో వీణ మోగుతూనే ఉంది. చివరికి దొరికిన అబ్బాయికి సినిమా కలర్స్ సరిగ్గా రావడం లేదని చెప్పాను. ‘ఏ సినిమా సార్?’ అన్నాడు. సినిమా కాదు బాబూ, మీ ప్యాక్‌లో 2383 అని ఒక లుక్ ఉంది, అది, అన్నాను. కాసేపు కీబోర్డు టకటకలాడించి, ‘ఈ ఆర్డర్ నంబర్ మా సిస్టమ్‌లో లేదు సార్’ అన్నాడు. 2383 అంటే థియేటర్లలో వేసే ప్రింట్లు తీయడానికి కొడాక్ చేసిన ఫిల్మ్ నంబరు. ఆ పేరు చెప్పుకునే కదా మీరు ప్యాక్ అమ్ముతున్నది! ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. ఏం అమ్ముతున్నామో అతనికి ఒక్క పూట కూర్చోబెట్టి చెప్పని మిమ్మల్నే అంటున్నాను.

ఆ తర్వాత ఇంకొకాయన లైన్లోకి వచ్చి నాకే పాఠం చెప్పాడు. ‘ఇది సినిమాటిక్ లుక్ సార్, టీల్ అండ్ ఆరెంజ్, ఇలాగే ఉంటుంది.’ అయ్యా, టీల్ అండ్ ఆరెంజ్ అంటే నీడ భాగాలు టీల్ వైపు, అంటే నీలిపచ్చ వైపు వెళ్లాలి, ముఖాలు వెచ్చగా నిలబడాలి. ముఖమే టీల్ అయిపోతే ఇక ఆరెంజ్ ఎక్కడ వెతుక్కోవాలి? ఈ మాట అడిగేసరికి కాల్ కట్ అయింది. సిగ్నల్ పోయిందనే అనుకుంటున్నాను, మీ మీద ఉన్న గౌరవం కొద్దీ.

ఇక మెయిల్ భాగోతం. రా ఫైలు, అంటే కెమెరా తీసింది తీసినట్టే ఉండే అసలు ఫైలు, పంపమన్నారు. ఫైలు 5 ఎంబీ దాటితే మీ ఫారం తీసుకోదు. నా కెమెరా రా ఫైలు 25 ఎంబీకి తగ్గదు. అదే రాస్తే, వాట్సాప్‌లో పంపమన్నారు. పంపాక, ‘క్వాలిటీ సరిపోలేదు, రా ఫైలు పంపగలరు’ అని జవాబు. డ్రైవ్ లింక్ పంపితే బయటి లింకులు తెరవడం మీ పాలసీకి విరుద్ధమట. ఆ మర్నాడు పొద్దున్నే మెసేజ్: ‘మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ ఆకాశంలో ఉన్నవన్నీ ఇస్తాను, ముందు నా ఫిర్యాదు తెరవండి.

రీలు కెమెరా రోజుల్లో మా ల్యాబ్‌లో ప్రింటు పచ్చగా వస్తే, ఆ ప్రింటు పట్టుకెళ్లి చూపిస్తే చాలు, ల్యాబ్ ఆయన మారు మాట్లాడకుండా రంగుల కరెక్షన్ మార్చి మళ్లీ కొట్టి ఇచ్చేవాడు. ఆయన దగ్గర టికెట్లూ లేవు, స్టార్లూ లేవు. ఈ ఊళ్లో సగం మంది ఫొటోగ్రాఫర్లు నా మాట మీదే మీ ప్యాక్ కొన్నారు. ఇప్పుడు వాళ్లంతా ‘ఏంటన్నా, నీ యాప్ ఇలా చేస్తోంది?’ అని నన్ను అడుగుతున్నారు. నా యాప్ అట! నాకు రూపాయి కమీషన్ లేదు, తిట్లు మాత్రం నావి. కరిజ్మా ఆల్బమ్ (పుస్తకంలా కుట్టించే పెళ్లి ఆల్బమ్) కోసం ఎదురుచూస్తున్న పెళ్లివారికి ‘టికెట్ పెండింగ్‌లో ఉందండీ’ అని చెబితే ఊరుకుంటారా?

డబ్బు వెనక్కిస్తారో, పాత వెర్షన్ ఇస్తారో, నా సెట్టింగులు తెచ్చిపెడతారో మీ ఇష్టం. ముందు విషయం తెలిసిన మనిషి చేత ఫోన్ చేయించండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీరు రెండోది చేయకుండానే చేసేశామని రాసుకున్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం నాకూ వచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. ‘మీరు వ్యాపారానికి వాడుతున్నారు కదా’ అని తప్పించుకోవాలని చూడకండి. బతుకుతెరువు కోసం, స్వయం ఉపాధికి కొనుక్కున్నవాడూ వినియోగదారుడేనని 2019 చట్టంలోనే ఉంది. వచ్చే ముహూర్తాల లోపు మీనుంచి కబురు రాకపోతే ఆ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి, మీ ప్యాక్ పేరు కింద రాసి, ఫ్లెక్సీ కొట్టించి మా స్టూడియో ముందు కట్టిస్తాను.

ఇట్లు,
భీమవరం నుంచి మీ పాత కస్టమర్

తా.క.: టికెట్ నంబర్ రాయలేదని దీన్ని వెనక్కి పంపకండి. మీరిచ్చిన నంబర్లన్నీ మీరే మూసేశారు.