చీటీ మీద లేని ధర

తెనాలి
ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

అమ్మలూ,

చలి మొదలైంది కదా, దుప్పట్ల కోసం అటక మీది పెట్టె దింపాను. నేనే దింపాను. మీ అమ్మను బరువులు ఎత్తవద్దన్నాను, ఎందుకో చివర చెబుతాను. పెట్టె అడుగున నా లేత నీలం చొక్కా జేబులో బుజ్జిగాడి బూట్ల రసీదు దొరికింది. బూట్లు 39.99, పన్ను 3.30, మొత్తం 43.29 డాలర్లు. సిరా సగం వెలిసిపోయింది. నా చిరాకు మాత్రం అలాగే ఉంది.

"తాతయ్యకు అమెరికా ఎందుకు నచ్చలేదని వాడు అడుగుతున్నాడు, ఏమని చెప్పను?" అన్నావు పోయిన వారం. ఫోనులో చెప్పబోతే నవ్వేసి "ఇక్కడ అంతే నాన్నా" అంటావు. మీ దగ్గర ఉన్న ఆరు నెలల్లో నీ నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఆ రోజు గుర్తుందా? వాడి పుట్టినరోజు బూట్లు నా డబ్బుతో, నా చేత్తో కొనాలని ముచ్చటపడ్డాను. అర దగ్గర ధర చీటీ చూసుకున్నాను. రెండు ఇరవై డాలర్ల నోట్లు మడిచి పిడికిట్లో పెట్టుకుని వరుసలో నిలబడ్డాను. మిగిలే ఒక సెంటు కూడా వాడి చేతికే ఇద్దామనుకున్నాను. కౌంటరులో అమ్మాయి 43.29 అంది. నేను చీటీ చూపించాను. ఆ పిల్ల పన్ను సంగతి చెప్పి, చంటిపిల్లవాణ్ణి చూసినట్టు చూసి నవ్వింది. వెనక అయిదారుగురు. ఇంతలో నువ్వు పరుగున వచ్చి కార్డు తాకించావు. నా నోట్లు నా పిడికిట్లోనే ఉండిపోయాయి. వాడు కొత్త బూట్లతో గెంతుతూ "థాంక్యూ అమ్మా" అన్నాడు.

మూడు డాలర్ల ముప్ఫై సెంట్లకు ఇంత రాద్ధాంతమా అంటావు. నీకు మీ నాన్న ఉద్యోగం ఏమిటో తెలుసు. ముప్ఫై రెండేళ్ళు తూనికలు, కొలతల శాఖలో పని చేశాను. సంతల్లో తక్కెడ పళ్ళేన్ని తిరగేసి, అడుగున అంటించిన చింతపండు ముద్దను గోటితో గీకి తీసిన చేతులివి. నేను చేరిన కొత్తలో పొట్లాల మీద ధర పక్కన "స్థానిక పన్నులు అదనం" అని అచ్చు వేసుకునే వెసులుబాటు కంపెనీలకు ఉండేది. ఆ "అదనం" ఎంతో కొన్నవాడికి తెలియదు. అసలు పన్ను ముప్ఫై పైసలైతే షాపువాడు రూపాయి వేసుకునేవాడు. 1990లో నిబంధన మారింది. అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర ఇంత అని అచ్చు వేసి తీరాలన్నారు. ఆ తరువాత చదువు రాని ముసలమ్మ కూడా సబ్బు కాగితం మనవడి చేత చదివించుకుని, అంతకు మించి పైసా ఇవ్వనని షాపువాడితో కొట్లాడింది. నేను కళ్ళారా చూశాను. ఈ ఉద్యోగంలో నాకు మిగిలిన గర్వం ఏదైనా ఉంటే అదే. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి, చీటీ మీద ఒక ధర, గల్లా దగ్గర ఒక ధర ఉండే దేశంలో నిలబెట్టావు.

ఊరికో పన్ను రేటు ఉంటుంది కాబట్టి ముందే కలిపి వేయడం కుదరదని అల్లుడు గారు చెప్పారు. మర్యాదకు తల ఊపాను కానీ ఒప్పుకోలేదు. ఆ చీటీ అచ్చు వేసింది ఆ షాపు కోసమే, ఆ ఊరి రేటు అక్కడి యంత్రానికి తెలుసు. పెట్రోలు బంకులో చూడు, బోర్డు మీది ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. (సెంటులో పదోవంతులు తొమ్మిది అని పక్కన సన్నగా వేస్తారు, అదొక చిత్రం. ఆ పదోవంతు సెంటు నాణెం ఎవరి దగ్గరుందో!) విమానం టికెట్టు ధర కూడా పన్నులతో కలిపే ప్రకటించాలని 2012 నుంచి వాళ్ళకే నిబంధన ఉంది. అంటే కుదరక కాదు. ఇంకో ముచ్చట. మీ టెక్సస్‌లో ఏటా ఆగస్టులో ఒక వారాంతం వంద డాలర్ల లోపు బట్టలకూ బూట్లకూ అమ్మకం పన్ను ఎత్తేస్తారు కదా. ఆ మూడు రోజులూ చీటీ మీద ఉన్నదే ఇస్తే సరిపోతుంది. నేను ఇంకొంచెం ఓపిక పట్టి ఆగస్టులో కొనవలసింది.

భోజనం బిల్లు ఇంకా విడ్డూరం. మీరు తీసుకెళ్ళిన చోట వడ్డించిన అమ్మాయి నీకన్నా చిన్నది. నాలుగుసార్లు వచ్చి అంతా బాగుందా అని అడిగింది, నాలుగుసార్లూ నా నోట్లో ముద్ద ఉంది. నాకు విసుగు వచ్చిన మాట నిజం. తరువాత బిల్లు యంత్రం తెచ్చింది. 18, 20, 25 శాతం అని మూడు గళ్ళు. అల్లుడు గారు మధ్య గడి నొక్కారు. కారులో అడిగితే చెప్పారు. టిప్పు వచ్చే పనివాళ్ళకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలట, ఆ అంకె 1991 నుంచి కదలలేదట. మామూలు కనీస కూలి 7.25. తేడా టిప్పులతో నిండకపోతేనే యజమాని పూడ్చాలి. అంటే ఆ పిల్ల నవ్వుతూ వచ్చింది మనం బాగా తిన్నామా లేదా అని కాదు, తన జీతం అడగడానికి. విసుక్కున్నందుకు సిగ్గేసింది. ఆ రాత్రి నిద్ర పట్టక చదివాను. ఈ అలవాటు అక్కడ పాతుకుపోయింది అంతర్యుద్ధం తరువాతనట. బానిసత్వం నుంచి విడుదలైన నల్లవాళ్ళను పుల్‌మన్ కంపెనీ రైలు పెట్టెల్లో పనికి పెట్టుకుంది. జీతం నామమాత్రం, మిగతాది ప్రయాణికుల చేతి చలవ. యజమాని పేరు జార్జ్ పుల్‌మన్ కనుక పనివాళ్ళందరినీ జార్జ్ అనే పిలిచేవారు. సొంత పేరుతో పిలిపించుకోవడానికి కూడా వాళ్ళు పోరాడవలసి వచ్చింది. ఇదంతా తెలిశాక బయట తినడానికి నేను రానన్నది అందుకే. నువ్వేమో కారం తక్కువని అలిగాననుకున్నావు.

కొలతల గురించి మొదలుపెడితే తెల్లవారుతుంది. ఒక్కటి చెప్పి వదిలేస్తాను. వాళ్ళ పౌనుకు సొంత కాళ్ళు లేవు. 1893 నుంచి దాన్ని కిలోను బట్టే లెక్కగడుతున్నారు. ఇప్పుడది సరిగ్గా 0.45359237 కిలో, ఒక్క అంకె అటూ ఇటూ కాదు. లోపల కిలో పెట్టుకుని పైన పౌను చొక్కా తొడిగారన్న మాట. 1975లో మెట్రిక్‌కు మారదామని చట్టం చేశారు, ఇష్టమున్నవాళ్ళే అన్నారు, 1982లో ఆ పని చూసే బోర్డునే ఎత్తేశారు. 1999లో ఒక వర్గం పౌన్లలో, ఇంకో వర్గం న్యూటన్లలో లెక్కలు వేసుకుంటే అంగారకుడి దగ్గరకు పంపిన వ్యోమనౌక మాయమైపోయింది. మనం 1957లో అణాలు మాని నయాపైసలకు వచ్చాం, వెనకే కిలోలకూ వచ్చాం. మా నాయనమ్మ పోయేదాకా వీశెల్లోనే లెక్క చెప్పింది, కానీ షాపులో మాత్రం కిలోలే కొన్నది. అయితే నా వృత్తి ధర్మం కొద్దీ ఇంకో మాట కూడా రాయాలి. నేను ఈ మాటలంటుంటే టీవీలో బయట 104 డిగ్రీలని చెప్పారు, మీ అమ్మ వంటింట్లోంచి "ఎవరికి జ్వరం?" అంది. మన ఇళ్ళల్లో జ్వరం ఇంకా ఫారెన్‌హీట్‌లోనే ఉంది, పొలం ఎకరాల్లో, స్థలం సెంట్లలో, బంగారం కాసుల్లో. అక్కడితో నేను ఊరుకున్నాను. పెట్రోలు పంపుల మీద మాత్రం ఆ రాష్ట్రం తనిఖీ చీటీ ఎక్కడా చిరగకుండా ఉంది. నేను చూసిన ప్రతి పంపు మీదా వెతికాను.

పార్కులో మా బల్ల స్నేహితుల గురించి నీకు సరిగా చెప్పలేదు. ఒక చైనా తాతగారు, ఒక కొలంబియా పెద్దమనిషి, నేను. ముగ్గురమూ మనవల్ని ఉయ్యాల ఎక్కించడానికి వచ్చినవాళ్ళమే. మా ముగ్గురి ఇంగ్లిషూ కలిపితే ఒకరికి సరిపోతుంది. చైనా తాతగారు మంచులాంటి నీళ్ళు గ్లాసు నిండా ముక్కలతో ఇవ్వడాన్ని అభినయించి చూపేవాడు, పళ్ళు పట్టుకుని. నేను కాలిబాట లేని రోడ్డును చూపించి, రెండు వేళ్ళతో నడుస్తున్నట్టు చేసి, తల అడ్డంగా ఊపేవాణ్ణి. మీ ఇంటి నుంచి కూరగాయల షాపు కనబడుతూనే ఉంటుంది, నడిచి వెళ్ళడానికి మాత్రం దారి లేదు! కొలంబియా ఆయనకు వేరే బాధ. కుక్కతో వచ్చే ఒకావిడ ఆయన్ని "మీకు అమెరికా ఎలా ఉంది?" అని అడిగింది. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని "నేను పుట్టిందే అమెరికాలో, దక్షిణ అమెరికా" అన్నాడు. ఆవిడ తమాషా అనుకుని నవ్వి వెళ్ళిపోయింది. ఆయన నవ్వలేదు. ఆయన వైపు న్యాయం ఉంది. 1507లో వాల్డ్‌జేముల్లర్ అనే జర్మన్ గీసిన పటంలో అమెరికా అన్న పేరు మొదటిసారి కనిపించింది దక్షిణ భాగం మీదే. ఆ పటాన్ని 2003లో వాషింగ్టన్‌లోని జాతీయ గ్రంథాలయం కోటి డాలర్లు పోసి కొనుక్కుంది. ఈ సంగతి ఆయనకు ఎలా చెప్పాలో తెలియక నేల మీద పుల్లతో రెండు ఖండాలూ గీసి, కింది దాని మీద పేరు రాశాను. ఆయన లేచి నన్ను కావలించుకున్నాడు.

మీ పక్కింటావిడ సంగతి మీ అమ్మ ఇంకా మరిచిపోలేదు. మేము వచ్చిన వారానికే కంచె మీదుగా మీ అమ్మ రెండు చేతులూ పట్టుకుని, మీరు తప్పకుండా ఒకసారి మా ఇంటికి రావాలి అంది. మీ అమ్మ ఆ శనివారానికి సున్నుండలు చుట్టింది. శనివారం ఎవరూ పిలవలేదు. పై శనివారమూ అంతే. మూడో వారం నువ్వు "అది పిలుపు కాదమ్మా, పలకరింపు" అన్నావు. సున్నుండలు మనమే తిన్నాం. మనవాళ్ళూ చెప్పులు వేసుకున్నాక "భోంచేసి వెళ్ళండి" అంటారు, కాదనను. కానీ అలా అన్నవాణ్ణి నిలదీసి కూర్చుంటే చచ్చినట్టు వడ్డిస్తారు.

ఇక్కడి దాకా బుజ్జిగాడికి చదివి వినిపించు. మిగతాది నీకు.

జూలైలో అల్లుడు గారూ నేనూ సరుకులు తెచ్చుకుని వస్తుంటే, ఒక చెరువు పక్కగా వెళుతూ ఆయన నోరు జారారు. "తనకు ఉద్యోగం లేనప్పుడు రోజూ ఇక్కడే నడిచేదండీ." ఏ ఉద్యోగం అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. నెమ్మదిగా అంతా చెప్పారు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో నీ కంపెనీ ఒక్క మెయిలుతో నిన్ను తీసేసిందనీ, అరవై రోజుల్లో మరో కంపెనీ నీ వీసా దరఖాస్తు వేయకపోతే సర్దుకోవలసిందేననీ, 52వ రోజున కొత్త ఉద్యోగం దొరికిందనీ. నేను నీతో ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక నా పాత డైరీ తీశాను. ఆ రోజుల్లో ఎనిమిది ఆదివారాలు. ఎనిమిదింటా నా దస్తూరీలో ఒకటే మాట: "రాత్రి ఫోను. అమ్మాయి కులాసా."

షాపువాడు మూడు డాలర్లు దాస్తే మండిపడ్డాను. దీనికి ఏమనాలో తెలియక నాలుగు నెలలు ఊరుకున్నాను. ఈ అలవాటు నీకు ఆ దేశం నేర్పిందని ఉత్తరం మొదలుపెట్టినప్పుడు రాద్దామనుకున్నాను. అటక మీద పెట్టె నేనే ఎందుకు దింపానో గుర్తొచ్చి ఆగాను.

మీ అమ్మ కుడి కంటికి పోయిన నెల 14న శుక్లాల ఆపరేషన్ అయింది. నీకు చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది, నేనూ వేశాను. ఆ ఆదివారం వీడియోలో నల్ల కళ్ళద్దాలతో కూర్చుంటే "అమ్మా, కొత్త ఫ్యాషనా?" అని నవ్వావు, మేమిద్దరమూ నవ్వాం. చూపు బాగా వచ్చింది. సూదిలో దారం తనే ఎక్కిస్తోంది, గోడ మీద మరకలన్నీ కనిపిస్తున్నాయని నన్ను తిడుతోంది. రెండో కంటికి సంక్రాంతి తరువాత రమ్మన్నారు. నాకు బీపీ మాత్ర ఒకటి ఉండేది, రెండయ్యాయి. లెన్సుతో సహా ఆపరేషన్ 38,000, మందులు 1,460, ఆటోలు 400. అన్నీ కలిపి 39,860 రూపాయలు.

నీ లెక్క కూడా ఇలాగే రాసి పంపు. ఫోనులో వద్దు.

బుజ్జిగాడికి ముద్దులు. అల్లుడు గారిని ఏమీ అనకు, పాపం.

మీ నాన్న