పెంపుడు కూతురు కాదు, కూతురు

సంపాదకులకు నమస్కారం.

మూడు నెలల కిందట మా నాన్న పోయారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి కాబట్టి ఒక పత్రికలో ఫొటోతో చిన్న వార్త వేశారు. చివరి వాక్యం ‘ఆయనకు భార్య, పెంపుడు కుమార్తె ఉన్నారు’ అని. ఆ పేపర్ అమ్మ కంట పడకుండా మడిచి బీరువాలో పెట్టేశాను.

పదకొండు నెలల పిల్లగా ఉన్నప్పుడు నన్ను దత్తత తీసుకున్నారు. ఈ సంగతి నేనెప్పుడూ దాచలేదు, అడిగితే ఎవరికైనా చెబుతాను. కానీ నాన్న చావు వార్తలో దాని అవసరం ఏమిటి? మా పెదనాన్న పోయినప్పుడు ‘కడుపున పుట్టిన ఇద్దరు కొడుకులు ఉన్నారు’ అని ఎవరూ రాయలేదే!

‘పెంచడం’ మంచి మాటే. అమ్మానాన్నలు చేసే పనే అది. దాన్ని ‘పెంపుడు’ చేసి మనిషి ముందు తగిలిస్తే మాత్రం కుక్కా చిలకా గుర్తొస్తాయి. నాకిప్పుడు నలభై ఎనిమిదేళ్లు. ఇప్పటికీ బంధువుల నోట నేను ‘పెంచుకున్న పిల్ల’నే. కన్నతల్లి అనే చక్కటి మాట ఉండగా ‘నీ సొంత తల్లి ఎవరు?’ అని అడిగేవాళ్లూ ఉన్నారు. మరి అమ్మ నాకు సొంతం కాదా?

పాత హిందూ ధర్మశాస్త్రం ప్రకారం సాధారణంగా మగపిల్లాడినే దత్తత తీసుకునేవారు. ఆడపిల్లకు ఆ వీలు కల్పించింది 1956లో వచ్చిన హిందూ దత్తత, భరణ చట్టం. అందులోని 12వ సెక్షన్ ప్రకారం దత్తత జరిగిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా ఆ తల్లిదండ్రుల బిడ్డే. నన్ను మా నాన్నకు కూతుర్ని చేసిన చట్టం అది.

ఇంకొక మాట. ఎన్నికల సభల్లో ‘దత్తపుత్రుడు’ అని ప్రత్యర్థిని ఎగతాళి చేయడం, దాన్ని పత్రికలు పెద్దక్షరాల్లో హెడ్డింగ్ పెట్టడం చూశాం. మా బంధువుల ఇంట్లో దత్తత వచ్చిన పన్నెండేళ్ల బాబు అది చదివి, ‘అత్తా, దత్తపుత్రుడు అంటే తిట్టా?’ అని నన్ను అడిగాడు. కాదు నాన్నా అన్నాను. మరి ఎందుకు తిడుతున్నారు అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

వార్తకు దత్తత సంగతి నిజంగా అవసరమైతే ‘దత్తత తీసుకున్నారు’ అని ఒక్కసారి రాయండి. లేనప్పుడు కూతురు, కొడుకు అంటే సరిపోతుంది. మీ విలేకరులకు ఈ మాట చెప్పండి.

నాన్న ఫొటో పేపర్లో పడిందని అమ్మకు ఎవరో చెప్పారు. ఏదీ, చూపించు అని రోజూ అడుగుతోంది. నిన్న ఫొటో వరకు కత్తిరించి ఇచ్చాను.

— ఒక పాఠకురాలు