సినిమాలో మాటలు వినపడటం లేదని మా షాపుకొచ్చిన కస్టమర్లకు

సంక్రాంతి తర్వాత మా దగ్గర పాత స్పీకర్ బాక్సులు ఇచ్చి కంప్యూటర్‌కి కలిపించుకున్న వాళ్ళు ఇది చదవండి, ముఖ్యంగా "పాటలు బాగా వస్తా ఉండాయి గానీ సినిమాలో మాటలు వినపడటం లేదు" అని వచ్చినోళ్ళు. అట్లా వచ్చిన వాళ్ళలో కొందరికి నేను అవసరం లేని రిపేరు చేసి డబ్బులు తీసుకున్నాను. ఆ డబ్బులు వెనక్కి ఇస్తా ఉన్నాను.

ఎట్లా తెలిసిందో చెప్తాను. కొర్లగుంట నుంచి ఒక సార్ వాళ్ళ నాయన స్పీకర్లు తెచ్చినారు. ఆ పెద్దాయన సర్వీసులో ఉన్నప్పుడు మద్రాసు రిచీ స్ట్రీట్‌లో కొని, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో సీటు పక్కనే పెట్టుకుని తెచ్చుకున్న బాక్సులంట. బేస్ పలికే పది ఇంచుల ఊఫరు, మధ్యలో గొంతులు పలికే మిడ్‌రేంజ్, పైన సన్నటి శబ్దాలు పలికే ట్వీటరు, వెనక 8 ఓమ్స్ అని స్టిక్కరు. నాయన పోయి ఏడాది దాటింది, అమ్మ పొద్దున్నే సుప్రభాతం ఆ బాక్సుల్లోనే వినాలంటా ఉంది, రాత్రయితే పిల్లోళ్ళు సినిమాలు చూస్తారు, హాల్లో టీవీకి పాత సీపీయూ ఒకటి పెట్టుకున్నాం, దానికే కలిపియ్యన్నా అని అడిగినారు. అప్పటికే ఆయన హెడ్‌ఫోన్ పిన్ను కోసి ఆ వైర్లు నేరుగా బాక్సులకి చుట్టి చూసుకున్నారు, చెవి ఆనిస్తే దోమ పాడినట్టు వచ్చిందంట. చాలామంది ఇదే చేస్తారు కాబట్టి చెప్తా ఉన్నా, కంప్యూటర్ పచ్చ జాక్‌లో వచ్చేది మహా అయితే ఒకటి రెండు వోల్టుల సిగ్నల్, అది హెడ్‌ఫోన్‌కి చాలు, అంత పెద్ద ఊఫర్‌ని కదిలించాలంటే మధ్యలో ఆ సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్ ఉండాల్సిందే.

ఆ బాక్సులకి మేము చేసిన మొదటి పని సరిగ్గానే చేసినాం. ఊఫర్ అంచున ఉండే ఫోమ్ రింగు వేలు పెడితే పొడి అవుతా ఉంది, వాడినా వాడకపోయినా ఆ ఫోమ్ ఏండ్లు గడిస్తే అట్లాగే పోతుంది, లోపల కదిలే కోన్ మాత్రం బంగారం లాగా ఉంది, రింగులు మార్చి, క్రాసోవర్‌లో, అంటే శబ్దాన్ని ఆ మూడు స్పీకర్లకి పంచే సర్క్యూట్‌లో, ఎండిపోయిన కెపాసిటర్లు తీసి అదే వ్యాల్యూవి వేసి, రెండు ఛానళ్ళ స్టీరియో యాంప్లిఫయర్ ఒకటి ఇచ్చి, కంప్యూటర్ జాక్‌లో పెట్టే 3.5 ఎంఎం పిన్ను నుంచి యాంప్లిఫయర్‌కి ఆర్‌సీఏ వైరు వేసి పంపించినాం.

వారం తర్వాత వచ్చినారు, సినిమాలో మాటలు బావిలోంచి వస్తా ఉండాయని. మనిషి గొంతు ఎక్కువ భాగం మిడ్‌రేంజ్‌లోనే కదా వచ్చేది, అది నీరసించిందని నేను అనుకున్నాను, అనుకున్నానే గానీ మీటరు పెట్టి చూడలేదు, కొత్తవి రెండు వేసి 3,200 తీసుకున్నాను. తేడా ఏమీ రాలేదు. ఆయన కోపం కూడా చేసుకోలేదు, ఫోన్‌లో "మా నాయన ఉన్నప్పుడు ఇట్లా లేదన్నా" అన్నారు, ఆ మాటకి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారం వాళ్ళింటికి పోయినాను. కంప్యూటర్‌లో సౌండ్ సెట్టింగ్ తెరిస్తే స్పీకర్లు 5.1, అంటే ఐదు స్పీకర్లు ఒక సబ్‌ఊఫర్, అని పెట్టి ఉండాయి. 5.1లో సినిమా మాటలు ఎక్కువగా మధ్యలో పెట్టే స్పీకర్‌కి పోయే సెంటర్ ఛానల్‌లో పోతాయి, ఆ సెంటర్ ఛానల్ సీపీయూ వెనక ఆరెంజ్ జాక్‌లో వస్తుంది, ఆ జాక్‌లో వైరే లేదు, ఇంక మాటలు యాడ వినపడతాయి! పాటలు రెండు ఛానళ్ళవే కాబట్టి అవి నిండుగా వచ్చినాయి. పాటలు బాగున్నాయి అని ఆయన మొదటి రోజే చెప్పినారు, మిడ్‌రేంజ్ పోతే పాటలో గొంతు కూడా పోవాలి కదా, ఆ ఒక్క మాట పట్టుకోనుంటే అయిపోయేది. విండోస్‌లో స్టీరియో అని మార్చి, సినిమాలు చూసే కోడీ అనే ప్లేయర్‌లో ఛానళ్ళు 2.0, అంటే రెండే, చేసినాం, సెంటర్‌లో ఉండే మాటలు రెండు బాక్సుల్లోకి కలిసి వచ్చేసినాయి. రెండు నిమిషాల పని.

విప్పిన పాత మిడ్‌రేంజ్‌లు అట్ట పెట్టెలో పేరు రాసి పెట్టినాను కాబట్టి తెచ్చి మీటరు పెట్టి చూసినాను, రెండూ బాగుండాయి, వాటినే మళ్ళీ బిగించి డబ్బులు ఇచ్చేసినాను. ఆ బాక్సులకి సరిపోయేవి అవే, కొత్తవి వేసినప్పుడు గొంతు కొంచెం గీసినట్టు ఉండింది.

తర్వాత బుక్ తిరగేస్తే ఇదే కంప్లైంటుకి ఇంకో నలుగురికి మిడ్‌రేంజ్ గానీ ట్వీటర్ గానీ మార్చినట్టు ఉంది. ఇద్దరితో మాట్లాడినాను, ఇద్దరి నంబర్లు కలవడం లేదు. బిల్లు లేకపోయినా పర్వాలేదు, రండి. ఇంట్లో చూసుకుంటామంటే ముందు ఆ స్టీరియో సెట్టింగ్ మార్చి చూడండి, సరిపోతే మీ పాత యూనిట్లు మా దగ్గరే ఉండాయి, తిరిగి బిగించి డబ్బులిస్తాం.

ఇకమీదట కంప్యూటర్‌కి కలిపే పని ఏది వచ్చినా ముందు సెట్టింగ్ చూసి, బాక్సులు మీటర్‌తో చూసి, ఏది పోయిందో మీ కళ్ళ ముందర చూపించినాకనే విప్పుతాం. చూసినందుకు డబ్బులు లేవు. 5.1 రిసీవర్ కొనమని కూడా ఊరికే చెప్పను, నాయనగారి రెండు బాక్సులే పెట్టుకుని వినాలనుకునే వాళ్ళకి మంచి స్టీరియో యాంప్లిఫయర్ చాలు.

గుంయ్‌మని హమ్ వస్తా ఉందనే వాళ్ళు సీపీయూకి గానీ టీవీకి గానీ తగిలించిన కేబుల్ టీవీ వైరు ఒకసారి పీకి చూడండి, ఆగిపోతే దోవ అదే, దానికి ఆ హమ్ రాకుండా ఆపే ఐసోలేటర్ వేస్తాం. దయచేసి ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మాత్రం కొయ్యొద్దండి, షాక్ కొడుతుంది. బేస్ పలచగా ఉంటే ఒక బాక్సుకి ఎరుపు నలుపు వైర్లు తారుమారు అయినాయేమో చూడండి.

ఫోమ్ రింగుల పని ఇప్పుడిస్తే మూడు వారాలు పడుతుంది. రింగులు చెన్నై నుంచి రావాలి, సైజు కొలత కొంచెం తేడా ఉన్నా కోన్ పక్కకి రాసుకుంటుంది, అందుకని కొలిచి తెప్పిస్తాం, బాక్సులు అంతవరకు మీ ఇంట్లోనే పెట్టుకోండి. ఆటోలో తెచ్చేటప్పుడు ముందర గ్రిల్లు తియ్యకండి, కోన్ కిందికి పెట్టి పడుకోబెట్టకండి. మంగళవారం సెలవు, మిగతా రోజులు పదింటికి తెరుస్తాం.