వార్షిక నివేదిక: పండుగలు, ఇళ్ల వేట, 1946 నాటి బేస్‌బాల్

మాంట్రియల్ తెలుగు కుటుంబాల సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వనభోజనాలు, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు వాట్సాప్‌లో చూసే ఉంటారు కాబట్టి వాటి సంగతి ఇక్కడ రాయడం లేదు. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఈసారీ ఎండుదే. దీపావళి రోజు హాలు తాళం ఆలస్యంగా ఇవ్వడంతో వంటవాళ్లు గంటసేపు చలిలో నిలబడ్డారు. వాళ్లకు క్షమాపణలు.

ఈ ఏడాది కొత్తగా చేసింది ఒక్కటే. మన ఊరి ఒకప్పటి బేస్‌బాల్ జట్టు మాంట్రియల్ రాయల్స్ 1946 సీజన్‌కు 80 ఏళ్లు నిండాయని, జూన్‌లో పిల్లలూ పెద్దలూ కలిసి ఆ జ్ఞాపకాలున్న చోట్లు చూసి వచ్చాం. ఈ ప్రతిపాదన వచ్చినప్పుడు కార్యవర్గంలో "మనకూ బేస్‌బాల్‌కూ ఏం సంబంధమండీ? క్రికెట్ పోటీ పెట్టుకుందాం" అన్నవాళ్లే ఎక్కువ. నిజానికి నేనూ వాళ్లలో ఒకణ్ణి.

ముందుగా విల్లరే పేటలో డ గాస్పే వీధికి వెళ్లాం. 8232 నంబరు ఇల్లు మామూలు రెండంతస్తుల ఇల్లు. 1946లో రాయల్స్‌కు ఆడిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్, ఆయన భార్య రేచల్ అందులో అద్దెకు ఉన్నారు. 2011లో పెట్టిన ఫలకం గోడ మీద లేకపోతే గుర్తుపట్టలేం. అప్పటికి దాదాపు 60 ఏళ్లుగా తెల్లవాళ్ల వృత్తి లీగుల్లో నల్లజాతి ఆటగాళ్లకు చోటు లేదు. అమెరికా పెద్ద లీగు జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ రాబిన్సన్‌ను తీసుకుని, ముందు తన చేతికింది జట్టయిన రాయల్స్‌కు పంపాడు. రంజీలో నిలబడ్డాక టెస్టు జట్టులోకి తీసుకున్నట్టు అనుకోండి.

ఫ్లోరిడాలో శిక్షణ సమయంలోనే రాబిన్సన్ దంపతులకు చుక్కలు కనిపించాయి. శాన్‌ఫర్డ్ అనే ఊరి నుంచి వెళ్లగొట్టారు, జాక్సన్‌విల్‌లో మైదానానికి తాళం వేసేశారు. అందుకే మాంట్రియల్‌లో అద్దె ఇల్లు వెతికేటప్పుడు, తలుపు మొహం మీదే వేస్తారేమోనని రేచల్ భయపడింది. ఇంటావిడ లోపలికి పిలిచి టీ ఇచ్చింది. గిన్నెలూ దుప్పట్లతో సహా ఇల్లు అప్పగించింది. రేచల్ గర్భవతి అని తెలిశాక చుట్టుపక్కల ఆడవాళ్లు తమ రేషన్ కూపన్లు తెచ్చి ఇచ్చారు. వాళ్ల భాష ఫ్రెంచి, ఈవిడది ఇంగ్లిషు.

ఈ మాట చెబుతుండగా, నిరుడు సెప్టెంబరులో వచ్చిన విద్యార్థులలో ఒకమ్మాయి అక్కడికక్కడే తన సంగతి చెప్పింది. ఫోనులో ఖాళీ ఉందన్న ఓనరు, మనిషిని చూశాక "ఇప్పుడే ఇచ్చేశాం" అన్నాడట, అదీ మూడుసార్లు. ఇళ్ల వేటలో సాయం చేసే మన బృందానికి ఈ ఏడాది పని ఎక్కువే పడింది. జామీను సంతకం పెట్టిన కుటుంబాలకు కృతజ్ఞతలు. పేర్లు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

అక్కడి నుంచి మెట్రోలో పాపినో స్టేషనుకు వెళ్లి, ఆంటారియో వీధి మీదుగా పాత డెలొరిమియే స్టేడియం చోటుకు నడిచాం. స్టేడియం లేదు, ఇప్పుడక్కడ బడి ఉంది. పిల్లల మొహాలు వాడిపోయాయి. పక్కనే కూర్చోబెట్టి సమోసాలు పంచి, కథ చెప్పాం.

ఏప్రిల్ 18న జెర్సీ సిటీలో తొలి ఆట. రాబిన్సన్ మొదటిసారి బ్యాటు పట్టి ఔటయ్యాడు. రెండోసారి, ఇద్దరు బేసుల మీద ఉండగా హోమ్ రన్ కొట్టాడు. పరుగు పూర్తయ్యేచోట జార్జ్ షూబా అనే తెల్ల ఆటగాడు చెయ్యి చాచి నిలబడ్డాడు. ఆ కరచాలనం ఫొటో చాలామంది చూసే ఉంటారు. తర్వాత రాబిన్సన్ రెండు బేసులు దొంగిలించాడు, అంటే తోటివాడు బంతి కొట్టకముందే తర్వాతి బేసుకు పరుగెత్తాడు. మూడో బేసు దగ్గర అటూ ఇటూ గెంతుతూ బంతి విసిరే పిచర్లను కంగారుపెట్టి, రెండుసార్లు వాళ్ల చేత నియమం తప్పిన కదలిక చేయించి పరుగులు రాబట్టాడు. 14-1తో గెలిచారు. బేసు దొంగిలించడమంటే ఏమిటో చెప్పడానికే పదిహేను నిమిషాలు పట్టింది. చివరికి ఒక తాతగారు "కబడ్డీలో కూతకెళ్లి అవతలివాణ్ణి రెచ్చగొట్టడం లాంటిది" అనేసరికి అందరికీ అర్థమైంది.

ఆ సీజనంతా ఇంత హాయిగా సాగలేదు. సిరక్యూజ్‌లో ఎదుటి జట్టువాడు మైదానంలోకి నల్లపిల్లిని వదిలి ఎగతాళి చేశాడు. ఊరూరా తిట్లు. ఆ టెన్షన్‌కు నిద్రా తిండీ తప్పి, డాక్టరు విశ్రాంతి తీసుకోమనేదాకా వచ్చింది. అయినా .349 సగటుతో, అంటే 1000 సార్లకు 349 హిట్ల లెక్కన, లీగులో మొదటి స్థానం ఆయనదే. 113 పరుగులు, 40 బేసులు దొంగతనం. జట్టు 100 ఆటలు గెలిచింది.

చివరి సిరీస్ అమెరికాలోని లూయీవిల్ జట్టుతో. అక్కడి మూడు ఆటల్లో ప్రేక్షకులు రాబిన్సన్‌ను దుమ్మెత్తిపోశారు, రాయల్స్ రెండు ఓడింది. ఇక్కడికొచ్చాక మనూరివాళ్లు లూయీవిల్ ఆటగాళ్లు కదిలినప్పుడల్లా అరిచి బదులు తీర్చుకున్నారు. వరసగా మూడు గెలిచి అక్టోబరు 4న కప్పు కొట్టారు. జనం మీదపడి ముద్దులు పెడుతుంటే రాబిన్సన్ వీధిలోకి పరుగెత్తాడు, జనం వెంటపడ్డారు. నల్లవాడి వెంట జనం చంపడానికి కాక ప్రేమతో పరుగెత్తిన రోజు చరిత్రలో బహుశా ఇదొక్కటేనని శామ్ మాల్టిన్ అనే విలేకరి రాశాడు.

మాంట్రియల్ అప్పుడు స్వర్గమేమీ కాదు. ఇదే ఊళ్లో ఫ్రెడ్ క్రిస్టీ అనే నల్లజాతీయుడికి బీరు పొయ్యలేదు. అలా చేయడం వ్యాపారి ఇష్టమేనని 1939లో కెనడా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇది చెప్పాలా వద్దా అని మాలో చర్చ జరిగింది. చెప్పాం.

లెక్కలు ఆడిటరు సంతకంతో విడిగా పంపాం. తెలుగు బడికి శనివారం ఉదయం ఇద్దరు టీచర్లు కావాలి.

వచ్చే జూన్‌లో ట్రువా-రివియేర్‌కు బస్సు వేద్దామనుకుంటున్నాం. ఆ 1946లోనే రాయల్స్‌లో జాన్ రైట్, రాయ్ పార్ట్‌లో అనే మరో ఇద్దరు నల్లజాతి పిచర్లు ఉండేవారు. ఒకరి తర్వాత ఒకరిని ఆ ఊరి జట్టుకు దించేశారు. వాళ్ల గురించి ఈసారి పిల్లలకు ఒక్క ముక్కా చెప్పలేకపోయాం. వచ్చేవాళ్లు మార్చి నెలాఖరులోగా కార్యదర్శికి పేర్లివ్వండి. నలభై సీట్లే ఉంటాయి.